రోమన్లు అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళి ఉంటారా?

గోదారి_గట్టు
మా బావ నిన్న ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పడేశాడు. కొలంబస్ కంటే వెయ్యేళ్ళకి పైగా ముందే రోమన్లు అమెరికా వెళ్ళొచ్చారట. మూడు రుజువులు చూపించాడు: మెక్సికోలో ఒక సమాధిలో దొరికిన రోమన్ మట్టి తల, బ్రెజిల్ సముద్రంలో దొరికిన రోమన్ జాడీలు, అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయి అనే రోమన్ ఊళ్ళో అనాసపండు బొమ్మ (అది అమెరికా పండు కదా). "ఇవి స్కూలు పుస్తకాల్లో ఎందుకు లేవు?" అంటూ చివర్లో గుండె అదిరే మ్యూజిక్. నాకు నమ్మబుద్ధి కావట్లేదు గానీ, ఎదురు చెప్పడానికి సరుకు లేదు. అంత పెద్ద సామ్రాజ్యం, అన్ని ఓడలు. అసలు వాళ్ళ ఓడలకి అట్లాంటిక్ దాటే సత్తా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి. బావని మాత్రం తిట్టకండి, అక్క కూడా ఇక్కడ చదువుతుంది.

అటకమీది_పిల్లి
బావని తిట్టొద్దన్నావు కాబట్టి మ్యూజిక్‌ని తిడుతున్నాను.

నమ్మను_గాక_నమ్మను
అనాసపండు ముందు తేల్చేద్దాం, అది తేలిక. ఇటలీలో గొడుగు పైన్ అని ఒక చెట్టుంది, ఆ బొమ్మలో ఉన్నది దాని కాయ. లోపలి గింజలు రోమన్లు తినేవాళ్ళు, ఇంట్లో దేవుడి ముందు ఆ కాయల్ని కాల్చి నైవేద్యంగా పెట్టేవాళ్ళు. పాంపేయి బూడిదలో మాడిన కాయలు నిజంగానే దొరికాయి. అనాసపండు మాత్రం ఒక్కటీ దొరకలేదు.

అంతా_దాచేశారు
మరి పైన ఆ ఆకుల పిలక ఎక్కణ్ణుంచి వచ్చింది?

నమ్మను_గాక_నమ్మను
పైన్ కొమ్మకి ఆకులుండవా సార్?

సరంగు_వైజాగ్
మర్చంట్ నేవీలో పనిచేస్తాను. ఆఫ్రికా పడమటి తీరం పక్కనున్న కానరీ దీవుల నుంచి బ్రెజిల్ వైపు, కరీబియన్ వైపు వెళ్ళే దారి బాగా అలవాటు. ఓడ సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి.

కానరీల్లోని లాస్ పాల్మాస్ రేవు దాటి కొంచెం దక్షిణానికి దిగితే ఈశాన్యపు గాలి పట్టుకుంటుంది. స్కూల్లో వ్యాపార పవనాలని చదివామే, అవే. చలికాలంలో రోజుల తరబడి వెనక నుంచే వీస్తుంది, దిశ మారదు. సర్గాసం నాచు గాలివాటున బారులు బారులుగా పసుప్పచ్చగా తేలుతుంటుంది. ఓడ లోడు మీద ఉండి నీళ్ళకి దగ్గరగా ఉంటే, తెల్లవారుజాము వాచ్ దిగేసరికి డెక్కు మీద ఎగిరే చేపలు పడుంటాయి. మా కుక్ ఒక్కదాన్నీ వదిలేవాడు కాదు. ఇంజను లేకపోయినా తెరచాప ఒకటి నిలబడితే చాలు, అవతలి ఒడ్డుకి గాలే తోసేస్తుంది.

కొలంబస్ 1492 సెప్టెంబరు 6న కానరీల్లోని లా గొమేరా దీవి వదిలాడు, అక్టోబరు 12న నేల కనిపించింది. 36 రోజులు. 1970లో థోర్ హెయర్డాల్ బృందం మొరాకోలోని సఫీ నుంచి పాపిరస్ రెల్లుతో కట్టిన పడవలో 57 రోజుల్లో బార్బడోస్ చేరింది. 1952లో అలెన్ బొంబార్ అనే ఫ్రెంచి డాక్టరు రబ్బరు పడవలో ఒంటరిగా, కానరీల నుంచి 65 రోజుల్లో అదే బార్బడోస్ చేరాడు. కాబట్టి వెళ్ళగలరా అంటే వెళ్ళగలరు.

తిరిగి రావడం దగ్గరే ఉంది అసలు కథ. వెళ్ళిన దారినే వెనక్కి తిప్పితే అదే గాలి ఎదురు కొడుతుంది. ఉత్తరానికి ఎక్కి, అజోర్స్ దీవుల ఎత్తుకి పోయి, అక్కడ పశ్చిమ పవనాలు అందుకోవాలి. ఈ కిటుకు పోర్చుగీసువాళ్ళకి 15వ శతాబ్దంలో, ఆఫ్రికా తీరం నుంచి ఇంటికి రావడానికి అవస్థలు పడ్డాక గానీ పట్టుబడలేదు.

అంతా_దాచేశారు
చూశారా, ఓడ మీద బతికేవాడే వెళ్ళగలరన్నాడు. మరి వెళ్ళలేదని ఎవరు తేల్చారు?

నమ్మను_గాక_నమ్మను
"వెళ్ళగలరు"కీ "వెళ్ళారు"కీ మధ్య ఒక మహాసముద్రం ఉంది సార్.

చెక్కపని_చలపతి
మా ఇంట్లో తరతరాలుగా వడ్రంగం. రోమన్ ఓడల కట్టుబడి గురించి చదివి మతిపోయింది, అందుకే ఇందులో దూరుతున్నాను.

ఇప్పుడు మనం పడవ కట్టాలంటే ముందు లోపలి పక్కటెముకలు నిలబెట్టి, వాటికి పలకలు కొడతాం. వాళ్ళు తలకిందులు. ముందు పలకలతో డొప్ప కట్టేసి, తర్వాత లోపల ఎముకలు దింపేవాళ్ళు. ఒక పలక అంచుని మరో పలక అంచుకి ఎలా పట్టించారంటే, రెండింటి మందంలోనూ ఎదురెదురుగా గాడి తొలిచి, మధ్యలో గట్టి చెక్క కుసి దించి, అది కదలకుండా అటూ ఇటూ చెక్క మేకు కొట్టారు. ఇలా జానెడు జానెడు దూరానికి ఒకటి, ఓడ పొడవునా వేల కుసులు. మనం తలుపు చట్రానికి చేసే పని వాళ్ళు ఓడ మొత్తానికి చేశారు. అడుగున పురుగు పట్టకుండా చాలా ఓడలకి సీసపు రేకు కూడా తొడిగారు.

ఫ్రాన్స్ తీరంలో మద్రాగ్ ద జియాన్ దగ్గర క్రీ.పూ. 1వ శతాబ్దపు ఓడ ఒకటి దొరికింది. సుమారు 40 మీటర్ల పొడవు, 400 టన్నుల సరుకు, ఆరేడు వేల ద్రాక్షసారా జాడీలు ఒకదాని మీద ఒకటి మూడు వరసలుగా. ఇక లూసియన్ అనే రచయిత ఏథెన్స్ రేవులో చూసినట్టు రాసిన ఐసిస్ అనే ధాన్యపు ఓడ 120 మూరల పొడవు. అంటే సుమారు 55 మీటర్లు.

సరంగు_వైజాగ్
చలపతి గారూ, భలే చెప్పారు. కొలంబస్ సాంటా మరియా దాదాపు 20 మీటర్లు. అంటే పొడవు చూస్తే రోమన్ గోధుమల ఓడదే పైచేయి.

గోదారి_గట్టు
ఇది మా బావకి చెప్పకూడదు, ఇక పట్టుకోలేం.

చర్చి_గంట
బైబిల్లో అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం చదివినవాళ్ళెవరూ లేరా ఇక్కడ? పౌలుని ఖైదీగా రోముకి తీసుకెళ్ళింది అలెగ్జాండ్రియా గోధుమల ఓడలోనే. 276 మంది ఎక్కారు. క్రేతు దాటగానే ఊరకులోను అనే పెనుగాలి పట్టుకుంది. ఓడ చీలిపోకుండా చుట్టూ తాళ్ళు బిగించి కట్టారు, సామాను సముద్రంలో పారేశారు, చివరికి గోధుమలు కూడా పారబోశారు. పద్నాలుగు రోజులు గాలికి కొట్టుకుపోయి మాల్టా దగ్గర మెట్ట పట్టింది. ఓడ పోయింది, మనుషులంతా బతికారు. మధ్యధరా లోపలే ఇంత జరిగింది.

సరంగు_వైజాగ్
అది చలికాలం మొదట్లో బయల్దేరడం వల్ల. నవంబరు 11 నుంచి మార్చి 10 దాకా సముద్రం మూసినట్టేనని వెజీషియస్ అనే రోమన్ రచయిత రాశాడు. పౌలు కూడా వద్దనే చెప్పాడు కదా, ఓడ యజమాని వినలేదు. ఇప్పుడు కంపెనీలు మా మాట వినవు. ఏం మారింది?

అటకమీది_పిల్లి
సరంగు గారి ఆఫీసు గోడు రెండువేల ఏళ్ళ పాతదన్నమాట.

ఉప్పాడ_కెరటం
మాది వేటకెళ్ళే కుటుంబం. గాలికి కొట్టుకుపోవడం గురించి రెండు ముక్కలు. ఇంజను చెడిపోతే పడవ మన మాట వినదు, నీటివాటం మాట వింటుంది. చిన్నప్పుడు మా మావయ్యవాళ్ళ పడవ అలాగే పోతే, ఒడిశా తీరం నుంచి కబురొచ్చింది. ఇంటి దగ్గర అప్పటికే ఏడుపులు అయిపోయాయి.

2021 మే నెలలో కరీబియన్‌లోని టొబాగో దగ్గర ఒక పడవ తేలింది, వార్త చదివారా? ఆఫ్రికా పడమటి తీరంలో మారిటేనియా పడవ అది. కానరీ దీవులకి, అంటే యూరప్‌కి పోదామని జనవరిలో బయల్దేరిన కుర్రాళ్ళు అందులో ఉన్నారు. దారి తప్పి అట్లాంటిక్ మొత్తం దాటింది. పడవ చేరింది, లోపల ఒక్కరూ బతికి లేరు. సరంగు గారు చెప్పిన గాలీ, నీరూ అవే. ఏ కాలంలోనైనా కొన్ని పడవలు అలా పోయే ఉంటాయి, రోమన్లవి కూడా. చెప్పడానికి ఎవరూ మిగిలి ఉండరు.

గోదారి_గట్టు
ఇది చదివాక కాసేపు ఏమీ రాయాలనిపించలేదు.

అయినా అడుగుతాను. అలా కొట్టుకుపోయిన ఓడలోంచి ఒక బొమ్మ మెక్సికో చేరిందనుకోవచ్చుగా? ఆ తల మాటేమిటి?

పద్మ_తవ్వకాలు
పురావస్తు శాస్త్రం చదివాను కాబట్టి ఈ తల గురించి నేను చెప్తాను.

1933లో మెక్సికోలోని తొలూకా లోయలో, కాలిష్ట్లావాకా అనే చోట హోసే గార్సియా పయోన్ తవ్వకాలు చేశాడు. ఒక కట్టడం కింద సమాధిలో ఈ చిన్న మట్టి తల దొరికింది. గడ్డం, కళ్ళు, ముక్కు చూస్తే అక్కడి పనితనంలా లేదు, రోమన్ శైలికి దగ్గరగా ఉందని కొందరు నిపుణులన్నారు. సమాధి 1476కీ 1510కీ మధ్యదని అంచనా, అంటే స్పెయిన్ సేనాని కోర్టెజ్ 1519లో రాకముందే. దీన్ని రొమేయో హ్రిస్టోవ్, సాంటియాగో జెనోవెస్ 1999లో మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. వీడియోలు చెప్పేది ఇక్కడిదాకానే.

చెప్పనిది ఇది. మట్టిని ఎప్పుడు కాల్చారో చూసే థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష 1995లో చేస్తే వచ్చిన జవాబు: క్రీ.పూ. 9వ శతాబ్దం నుంచి క్రీ.శ. 13వ శతాబ్దం మధ్య ఎప్పుడైనా కావచ్చు. రెండు వేల ఏళ్ళ వెడల్పు! పైగా అది బొమ్మ చేసిన కాలం చెప్తుందే తప్ప, సముద్రం దాటిన కాలం చెప్పదు. పాత బొమ్మని ఎవరైనా ఎప్పుడైనా తేవచ్చు. తవ్వకం జరిగినప్పుడే దాన్ని గురించి సరిగ్గా రాసి ప్రచురించి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు, పయోన్ చాలా ఏళ్ళ తర్వాత గానీ ఆ పని చేయలేదు. ఆయన్ని ఆటపట్టించడానికి ఒక విద్యార్థి గుంటలో పడేశాడన్న మాట కూడా అక్కడి పురావస్తువాళ్ళ మధ్య ప్రచారంలో ఉంది. అదీ నిరూపణ కాలేదు.

అంతా_దాచేశారు
నిరూపణ కాని చిలిపిపనిని నమ్ముతారు, కళ్ళెదుట ఉన్న తలని నమ్మరు. బాగుంది మేడమ్.

పద్మ_తవ్వకాలు
చిలిపిపనిని నమ్మమనలేదండీ. ఆ తలని ఏ గిన్నెతో, ఏ ఎముకతో కలిపి ఏ పొరలోంచి తీశారో ఫొటోలతో రాసి ఉంటే నేనే జై కొట్టేదాన్ని. మా ప్రొఫెసర్ ఒకాయన, వస్తువు ఎంత బాగుంటే చుట్టూ ఉన్న మట్టిని అంత ఎక్కువసేపు చూడమనేవారు.

ఇంకో ఉదాహరణ చూడండి. 2016లో జపాన్‌లోని ఒకినావాలో, కాత్సురెన్ కోట తవ్వకాల్లో 4వ శతాబ్దపు రోమన్ రాగి నాణేలు బయటపడ్డాయని ప్రకటించారు. నిజమైన రోమన్ నాణేలే, వాటితోపాటు 17వ శతాబ్దపు ఒట్టోమన్ నాణెం కూడా. రోమన్లు జపాన్ వెళ్ళారని ఎవరైనా అన్నారా? ఆ కోట వైభవమంతా 12 నుంచి 15వ శతాబ్దం మధ్యది. చేతులు మారి మారి వచ్చాయి.

ఫీనిక్స్_పిల్లోడు
మా అరిజోనా పరువు కూడా తీసేస్తాను. 1924లో టూసన్ ఊరి బయట సిల్వర్‌బెల్ రోడ్డు పక్కన సీసపు శిలువలు, కత్తులు దొరికాయి. వాటి మీద లాటిన్ రాతలు. రోమన్లు ఇక్కడ కలాలస్ అని రాజ్యమే పెట్టారని పెద్ద హడావిడి జరిగింది. తీరా చూస్తే ఆ లాటిన్ వాక్యాల్లో చాలావరకు స్కూలు వ్యాకరణ పుస్తకాల్లో ఉదాహరణలు. ఒక కత్తి మీదైతే డైనోసార్ లాంటి బొమ్మ!

అటకమీది_పిల్లి
రోమన్లు డైనోసార్ ఎక్కి వచ్చారు. ఓడల గొడవే లేదు, చర్చ ముగించండి.

నమ్మను_గాక_నమ్మను
కెనడాలో ఓక్ ఐలాండ్ కత్తి కూడా ఇదే బాపతు. "రోమన్ కత్తి" అని ఊదరగొట్టారు, హాలిఫాక్స్‌లోని సెయింట్ మేరీస్ యూనివర్సిటీలో పరీక్షిస్తే ఆధునిక ఇత్తడి.

గోదారి_గట్టు
బ్రెజిల్ జాడీలు మిగిలాయి. బావ వాటి మీదే పట్టుబట్టి కూర్చున్నాడు.

నమ్మను_గాక_నమ్మను
1982లో రాబర్ట్ మార్క్స్ అనే అమెరికన్, మునిగిన ఓడల వేటగాడు, రియో పక్కన గ్వానబారా ఖాతం అడుగున రోమన్ జాడీలున్నాయని ప్రకటించాడు. ఎలిజబెత్ విల్ అనే జాడీల నిపుణురాలు చూసి, మొరాకోలోని కువాస్‌లో 3వ శతాబ్దంలో చేసినవాటిలా ఉన్నాయంది. బావ వీడియోలో ఇక్కడితో ఆపేసి ఉంటారు. తర్వాత సాంతారెల్లి అనే బ్రెజిల్ వ్యాపారి ముందుకొచ్చి, బాబూ అవి నావి, పాతవాటిలా కనిపించాలని కాపీలు చేయించి సముద్రంలో ముంచాను, నాచూ గవ్వలూ పట్టాక కొన్ని తీసుకున్నాను, మిగతావి అక్కడే ఉన్నాయి అన్నాడు.

అంతా_దాచేశారు
మిగతా కథ కూడా చెప్పండి. 1983లో మార్క్స్‌ని బ్రెజిల్ ప్రభుత్వం ఆపేసింది. ఆ చోటు మీద నేవీ మట్టి పోయించిందని ఆయనే చెప్పాడు. నా పేరు ఊరికే పెట్టుకోలేదు.

నమ్మను_గాక_నమ్మను
"ఆయనే చెప్పాడు" అన్న ముక్క మీరే రాశారు, సంతోషం.

నాణేల_నారాయణ
ఇంత చర్చ జరుగుతోంది, మన ఇంటి దగ్గర సంగతి ఎవరూ ఎత్తరే! రోమన్ సరుకు నిజంగా ఒక దేశానికి వస్తే ఎలా ఉంటుందో చూడాలంటే మెక్సికో ఎందుకు, సంగారెడ్డి జిల్లా కొండాపూర్ మ్యూజియానికి వెళ్ళండి. అక్కడ శాతవాహనుల కాలపు మట్టి బిళ్ళలున్నాయి. రోమన్ నాణెం అచ్చు మట్టి మీద వేసి, కాల్చి, మెళ్ళో వేసుకోవడానికి దారం దూరే బెజ్జం పెట్టారు. టిబేరియస్ చక్రవర్తి మొహం మన కుమ్మరి చేతిలో పడి పెదవులు లావెక్కి, ముక్కు మొద్దుబారింది. నేను అద్దానికి ముక్కు ఆనించి చూస్తుంటే వాచ్‌మన్ వెనక్కి లాగాడు. అసలు నాణెం కొనలేనివాళ్ళు నకలు మెళ్ళో వేసుకుని తిరిగారు. చేతికి చేతికి సరుకు మారితేనే ఇలాంటివి పుడతాయి.

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. వినుకొండలో బంగారు నాణేలు. నాగార్జునకొండలోనూ దొరికాయి. తమిళనాడు పుదుక్కోట్టైలో 1898లో 501 బంగారు నాణేలు దొరికితే, చాలావాటి మీద చక్రవర్తి తలకి అడ్డంగా ఉలితో గాటు. ఇక చెల్లకుండా చేయడానికే ఆ గాటు అని ఒక వాదన. టోలెమీ అనే ప్రాచీన పండితుడు తన భూగోళ గ్రంథంలో మన కృష్ణా తీరాన్ని మైసోలియా అన్నాడు, అక్కడ కొంటకొస్సిల అని ఒక సంత ఊరు చెప్పాడు. అది మన ఘంటసాలే అంటారు.

అమెరికాలో దొరికిన పాత నాణేలని జెరెమయా ఎప్‌స్టైన్ అనే ఆయన 1980లో ఒక్కొక్కటీ పరిశీలించాడు. కొలంబస్‌కి ముందు వచ్చిందని నమ్మదగినది ఒక్కటీ తేలలేదు. ఈ కాలపు సేకరణదారులు పోగొట్టుకున్నవే ఎక్కువ. నేనూ రెండు పోగొట్టుకున్నాను, వెయ్యేళ్ళ తర్వాత ఎవరైనా కూకట్‌పల్లిలో రోమన్ కాలనీ అంటారేమో.

అటకమీది_పిల్లి
కూకట్‌పల్లిలో కాలనీలకి కొదవా!

మిర్చి_యార్డు
నారాయణ గారికి నా వంతు సాయం. రోమన్లు అమెరికా వెళ్ళొచ్చి ఉంటే మిరపకాయ తెచ్చుకోరా? మన గుంటూరు కారం మొత్తం అమెరికా మొక్క, పోర్చుగీసువాళ్ళ ద్వారా 1500 తర్వాతే మనకి వచ్చింది. టమాటా అంతే, మొక్కజొన్న అంతే. రోమన్ వంటల్లో కారమంటే మిరియమే. దానికోసం కేరళ దాకా ఓడలు పంపారు. ఎర్ర సముద్రం ఒడ్డున బెరెనికే రేవులో ఒక గుడి నేలలో పాతిన మన దేశపు కుండ దొరికింది, నిండా ఏడున్నర కిలోల మిరియాలు. మిరపకాయ రుచి చూసినవాడెవడూ ఆ ఖర్చు పెట్టడు.

పద్మ_తవ్వకాలు
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన వాదనల్లో నాకు బాగా నచ్చింది మిర్చి యార్డు గారిదే. అటువైపూ చూడండి. 1492 నాటికి అమెరికాలో గోధుమ లేదు, గుర్రం లేదు. వైకింగుల సంగతి వేరు. వాళ్ళు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ వెళ్ళారన్నది సాగాలనే వాళ్ళ పాత గాథల్లో కథగా ఉండేది, 1960లో హెల్గే ఇంగ్‌స్టాడ్, ఆన్ స్టీనె దంపతులు లాన్స్ ఓ మెడోస్ దగ్గర ఇళ్ళ పునాదులు కనిపెట్టారు. ఇనుప మేకులు, ఇనుము కాచిన చిట్టెం, నూలు వడికే కదురు బిళ్ళ దొరికాయి. 2021లో అక్కడి కొయ్య ముక్కల్ని పరీక్షిస్తే 1021లో నరికినవని సంవత్సరంతో సహా తేలింది. కొద్దికాలం ఉన్న కొద్దిమంది కూడా అంత చెత్త వదిలారు. మాకు ఆ చెత్తే కావాలి.

చర్చి_గంట
మరి వెళ్ళగలిగి కూడా ఎందుకు ప్రయత్నించలేదు? భయమా?

పద్మ_తవ్వకాలు
భయం కొంత ఉంది. క్రీ.శ. 43లో క్లాడియస్ చక్రవర్తి సైన్యాన్ని సముద్రం దాటి బ్రిటన్ వెళ్ళమంటే, లోకం అవతలికి మేం రామని సైనికులు మొరాయించారని చరిత్రకారుడు కాసియస్ డియో రాశాడు. ఒకప్పుడు బానిసగా ఉన్న నార్సిసస్ వచ్చి ఉపన్యాసం మొదలుపెడితే, సైనికులు వాణ్ణి ఎగతాళి చేసి, ఆ నవ్వుల్లోనే ఓడలెక్కారు. దాటాల్సింది ఇంగ్లిష్ ఛానెల్, ఇరుకు చోట 34 కిలోమీటర్లు కూడా లేదు.

సరంగు_వైజాగ్
భయమంటే నేను ఒప్పుకోను. సైనికులు వేరు, నావికులు వేరు. ఎర్ర సముద్రం మూతి దగ్గర ఓసెలిస్ నుంచి మన కేరళ తీరపు ముజిరిస్ రేవుకి, హిప్పాలస్ అని వాళ్ళు పిలిచే ఋతుపవనపు గాలిలో 40 రోజుల దారి అని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. మధ్యలో ఆగే చోటు లేదు. కొలంబస్ 36 రోజులకి ఇదేం తక్కువ? మయోస్ హోర్మోస్ రేవు నుంచి ఏడాదికి 120 ఓడలు ఇండియాకి పోయేవని స్ట్రాబో అనే ఆ కాలపు భూగోళ రచయిత లెక్క. అంటే మహాసముద్రం దాటడం వాళ్ళకి రోజువారీ వ్యాపారం. కాకపోతే మన ఋతుపవనం మర్యాదస్తురాలు, నైరుతిలో తీసుకొస్తుంది, ఈశాన్యంలో దిగబెడుతుంది. అట్లాంటిక్ గాలికి ఆ మర్యాద లేదు.

నాణేల_నారాయణ
దానికి తోడు డబ్బు. ముజిరిస్ నుంచి వెళ్ళిన హెర్మపొలాన్ అనే ఓడ సరుకు వివరాలు 2వ శతాబ్దపు పాపిరస్ మీద ఉన్నాయి: దంతం, గంగా తీరపు జటామాంసి, ఇంకా ఏవేవో. విలువ దాదాపు 70 లక్షల సెస్టర్సులు (రోమన్ నాణేలు). అందులో పాతిక శాతం సుంకం సర్కారుకి. ఏటా 5 కోట్ల సెస్టర్సులు ఇండియా లాగేస్తోందని ప్లినీ ఏడ్చాడు. తూర్పున ఇంత బేరం నడుస్తుంటే పడమర ఏముందని పోతాడు షావుకారు? అప్పిచ్చేవాడు కూడా దొరకడు.

అంతా_దాచేశారు
పడమర ఏమీ లేదనుకున్నారా? సెనెకా అనే రోమన్ రచయిత నాటకంలో సముద్రం అవతల కొత్త లోకాలు బయటపడతాయని స్పష్టంగా రాశాడు. తెలియకుండానే రాశాడా?

పద్మ_తవ్వకాలు
అది 'మెడియా' అనే నాటకంలో కోరస్, అంటే పాటగాళ్ళ బృందం, పాడే జోస్యం. "ముందు ముందు ఒక కాలం వస్తుంది" అనే తీరులో ఉంటుంది. కొలంబస్ కొడుకు ఫెర్నాండో తన ప్రతిలో ఆ పంక్తుల పక్కన, దీన్ని మా నాన్న 1492లో నిజం చేశాడని రాసుకున్నాడు. వెళ్ళొచ్చినవాళ్ళు జోస్యం చెప్పరండీ, గొప్పలు చెప్తారు. రోమన్లు చెప్పకుండా ఊరుకునే రకం కాదు. బ్రిటన్‌ని ఏలిన రోమన్ సేనాని అగ్రికోలా నౌకలు బ్రిటన్ చుట్టూ తిరిగొస్తేనే ఆయన అల్లుడు టాసిటస్ పుస్తకంలో ఎక్కించాడు.

ఉప్పాడ_కెరటం
అల్లుడు మామ గొప్పలు రాయడం మన దగ్గరైతే జరగదు.

గోదారి_గట్టు
పడమర వాళ్ళు ఎంతదాకా వెళ్ళారు మరి? ఖాయంగా తెలిసింది?

పద్మ_తవ్వకాలు
కానరీ దీవుల దాకా. ఇప్పటి మొరాకో, అల్జీరియా వైపున్న పాత మారిటేనియా రాజ్యపు రాజు రెండో జూబా మనుషుల్ని అక్కడికి పంపిన సంగతి ప్లినీ రాశాడు. 2012లో లోబోస్ అనే చిన్న దీవి మీద రోమన్ కాలపు ఊదారంగు తయారీ చోటు బయటపడింది. నత్తల్ని పగలగొట్టి రంగు తీసిన గుల్లలు కుప్పలు కుప్పలు, వంట కుండలు, జాడీ పెంకులు. అంటే సరంగు గారు చెప్పిన గాలి మొదలయ్యే వాకిట్లోకే వచ్చి, నత్తలు ఏరుకుని, ఇంటికెళ్ళిపోయారు.

సరంగు_వైజాగ్
ఇది నాకు తెలియదు. లాస్ పాల్మాస్‌లో ఎన్నిసార్లు ఆగినా మాకు చూపించేది డ్యూటీ ఫ్రీ షాపే.

అంతా_దాచేశారు
సరే, రోమన్లని వదిలేద్దాం. ఇప్పటి లెబనాన్ తీరపు పాతకాలం ఓడ వ్యాపారులు, ఫినీషియన్లు? వాళ్ళు ఆఫ్రికా మొత్తం చుట్టొచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అంత చేసినవాళ్ళకి అమెరికా ఓ లెక్కా?

సరంగు_వైజాగ్
ఇది కాస్త బలమైన పాయింటే. ఈజిప్టు రాజు నెకో పంపిస్తే, దారిలో దిగి పంట వేసుకుని, కోసుకుని, మళ్ళీ బయల్దేరి మూడో ఏట తిరిగొచ్చారట. ఆఫ్రికా కింద పడమరకి పోతుంటే సూర్యుడు కుడివైపు కనిపించాడని వాళ్ళు చెప్తే, హెరొడోటస్ నేను నమ్మనన్నాడు. భూమధ్యరేఖ దాటి దిగువకి పోతే సూర్యుడు ఉత్తరానే కదా ఉండేది! ఆ ముక్క వల్లే నాకు వాళ్ళ మీద నమ్మకం. కానీ అది ఒడ్డు పట్టుకుని చేసిన ప్రయాణం. ఫిలిప్ బీల్ అనే ఆయన ఫినీషియన్ నమూనా ఓడ కట్టించి, 2019లో ట్యునీషియాలో బయల్దేరి ఆ డిసెంబరు ఆఖరుకి డొమినికన్ రిపబ్లిక్ చేరాడు. అదీ వెళ్ళడమే. తిరుగు ప్రయాణం ఆ తెరచాపతో ఎవరైనా చేస్తే అప్పుడు మాట్లాడదాం.

చెక్కపని_చలపతి
ఆ ఓడ పలకలు కూడా కుసులతోనే పట్టించారా? తెలిస్తే ఎవరైనా చెప్పండి.

అటకమీది_పిల్లి
ఫినీషియన్లకి వేరే చర్చ తెరవండి బాబూ, ఇందులో రోమన్లకే చోటు చాలట్లేదు.